పాత కారులో సొంత కంప్యూటర్: నా ప్లాన్ ఇదీ, చూసి చెప్పండి

దారిదీపం:
అందరికీ నమస్కారం. నాది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. టచ్‌స్క్రీన్ లేదు, కంపెనీ ఇచ్చిన మామూలు స్టీరియో ఒక్కటే ఉంది. ఇంజిన్ ఇప్పటికీ చాలా బాగుంది, అమ్మే ఆలోచన లేదు. అందుకే ఇందులో ఒక చిన్న కంప్యూటర్ పెట్టాలని ఎన్నాళ్లనుంచో కోరిక.

నెట్ అందని చోట కూడా మ్యాపులు పనిచేయాలి. ముందూ వెనకా రెండు కెమెరాలు రికార్డ్ చేస్తూ ఉండాలి. ఇంజిన్ టెంపరేచర్, ఆర్‌పీఎం స్క్రీన్ మీద కనబడాలి, ఆ డేటా సేవ్ అవ్వాలి, ఇంటికొచ్చాక తీరిగ్గా చూసుకోవాలి. పాటలు ఎలాగూ ఉంటాయి.

బోర్డు విషయంలో రెండు ఆలోచనలున్నాయి: రాస్ప్‌బెర్రీ పై 5, లేదా ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ. స్టీరియో ఉన్న చోట 7 అంగుళాల టచ్‌స్క్రీన్. పవర్ సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకుందామనుకుంటున్నాను. మినీ పీసీకి కావాల్సింది 12 వోల్టులు, కారులో ఉన్నదీ 12 వోల్టులే కాబట్టి నేరుగా కలిపేస్తే సరిపోతుంది కదా? ముందు స్క్రీన్ కొనమంటారా, బోర్డు కొనమంటారా?

పాతగేరు:
తమ్ముడూ, కార్లలో ఆడియో బిగించడం నా పని. మొదట ఒక్క మాట అడుగుతాను. పాటలు, మ్యాపులు మాత్రమే కావాలంటే రెడీమేడ్ ఆండ్రాయిడ్ స్టీరియో దొరుకుతుంది. పూటలో బిగించేయొచ్చు. కీ తిప్పగానే ఆన్ అవుతుంది, తీయగానే ఆఫ్ అవుతుంది, కారు వేడికి తట్టుకునేలా తయారుచేసి ఉంటుంది. కంప్యూటర్ పెడితే ఇవన్నీ నువ్వే చేసుకోవాలి. కెమెరాలు, ఇంజిన్ డేటా నిజంగా కావాలా, లేక చేస్తే బాగుంటుందన్న సరదానా?

దారిదీపం:
నిజంగా కావాలి అన్నా. ఎక్కువ దూరాలు తిరుగుతాను. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి ఎలా పెరుగుతోంది, ఏ గేరులో ఎంత ఆర్‌పీఎం ఉంది అన్నది రికార్డులో చూడాలని ఉంది. రెడీమేడ్ స్టీరియోలో నాకు కావాల్సినట్టు మార్చుకోవడం కుదరదు.

వోల్ట్‌మీటర్:
అయితే స్క్రీనూ వద్దు, బోర్డూ వద్దు. ముందు పవర్ సప్లై కొనండి. ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా మూలనపడేది అక్కడే.

కారులో 12 వోల్టులు అన్నది పేరుకే. బండి ఆపి ఉండి, బ్యాటరీ నిండా చార్జ్ అయి ఉంటే 12.6 దగ్గర ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ దాన్ని 13.8 నుంచి 14.4 దాకా తీసుకెళ్తుంది. సెల్ఫ్ కొట్టిన క్షణంలో 9కి పడిపోతుంది. బ్యాటరీ పాతదై, చలి కూడా తోడైతే 7కో 6కో కూడా దిగుతుంది. మినీ పీసీ అడిగేది నిలకడైన 12 వోల్టులు. నేరుగా కలిపితే సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ రీస్టార్ట్ అవుతుంది, మిగతా సమయమంతా దానికి రాసిపెట్టిన దానికంటే ఎక్కువ వోల్టేజీ మీద నడుస్తుంది.

మీరే ఒకసారి చూడండి. మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి రెండు ప్రోబులూ బ్యాటరీ టెర్మినల్స్ మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 12.5 ఉన్న అంకె ఒక్కసారిగా 10 చుట్టుపక్కలకి జారి, ఇంజిన్ అందుకోగానే 14 దగ్గరికి ఎక్కి నిలబడుతుంది. మామూలు మీటరు సెకనుకు రెండు మూడు సార్లే రీడింగ్ మారుస్తుంది. అందుకే అది చూపించిన అంకె కంటే అసలు వోల్టేజీ ఇంకా కిందికి పోయి వచ్చి ఉంటుంది.

రెండో ప్రమాదం దీనికి తలకిందులు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ లూజై ఊడిందనుకోండి. ఆల్టర్నేటర్ అప్పటిదాకా బ్యాటరీలోకి పంపుతున్న కరెంటుకి పోయే దారి ఉండదు, వోల్టేజీ ఎగిసిపడుతుంది. దీన్ని లోడ్ డంప్ అంటారు. ఆల్టర్నేటర్ లోపలే అడ్డుకట్ట ఉన్న బండ్లలో అది 35 వోల్టుల దగ్గర ఆగుతుంది. లేని వాటి కోసం ఐఎస్ఓ 16750-2 ప్రమాణంలో పెట్టిన పరీక్ష 79 నుంచి 101 వోల్టుల దాకా వెళ్తుంది. వోల్టేజీ తగ్గించడానికి చాలామంది వాడే ఎల్ఎం2596 చిప్ బోర్డు తట్టుకునేది 40 వోల్టులే, ఇచ్చేదీ 3 ఆంపులే.

కాబట్టి కార్ల కోసమే చేసిన డీసీ-డీసీ సప్లై (బ్యాటరీ వోల్టేజీని కావాల్సిన వోల్టేజీకి మార్చేది) తీసుకోండి. ఇన్‌పుట్ 6 నుంచి 30 వోల్టుల దాకా ఎంత ఉన్నా అవుట్‌పుట్ కదలకుండా 12 ఇవ్వాలి. అంటే తగ్గించడమే కాదు, పెంచడం కూడా రావాలి. వాటిని బక్-బూస్ట్ అంటారు. లోడ్ డంప్ రక్షణ ఉందని స్పెసిఫికేషన్‌లో రాసి ఉందో లేదో చూడండి. ఇగ్నిషన్ వైరు కలుపుకునే పిన్ కూడా తప్పనిసరిగా ఉండాలి, ఎందుకో కింద ఎవరైనా చెప్తారు.

సిగరెట్ సాకెట్ సంగతి: చాలా బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ లైను పూర్తిగా కట్ అవుతుంది. పైగా కుదుపులకి ఆ ప్లగ్ కదులుతూ ఉంటుంది. వద్దు.

సిలికాన్ సీత:
ఇగ్నిషన్ పిన్ గురించి నేను చెప్తాను.

కంప్యూటర్‌కి బ్యాటరీ నుంచి ఎప్పుడూ పవర్ ఉండే ఒక లైను, కీ ఆన్ చేస్తే మాత్రమే పవర్ వచ్చే ఇంకో లైను, రెండూ కావాలి. కీ తీయగానే సప్లై ఆ విషయం గమనించి, మినీ పీసీ పవర్ బటన్ నొక్కినట్టుగా ఒక సిగ్నల్ ఇస్తుంది. పీసీ పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. ఆ తర్వాతే సప్లై పూర్తిగా కరెంటు ఆపేస్తుంది. ఇందుకోసం పీసీ మూత తీసి, పవర్ బటన్ రెండు పాయింట్ల నుంచి రెండు సన్నటి వైర్లు బయటికి తెచ్చుకోవాలి. మళ్లీ కీ తిప్పినప్పుడు దానంతటదే ఆన్ కావాలంటే బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) "పవర్ రాగానే ఆన్" అన్న అర్థం వచ్చే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టండి. కొనేముందే ఆ సెట్టింగ్ ఉందో లేదో తెలుసుకోండి, అన్నింట్లోనూ ఉండదు.

ఇక పై 5 వర్సెస్ ఎన్100. మీ కెమెరాల కోరిక చూశాక నా ఓటు ఎన్100కే. పై 4లో వీడియోని హెచ్.264 ఫార్మాట్‌లోకి కుదించే (ఎన్‌కోడ్ చేసే) హార్డ్‌వేర్ ఉంది, పై 5లో దాన్ని తీసేశారు. రెండు కెమెరాల వీడియోని ప్రాసెసర్ మీదే నెట్టుకుంటూ, పక్కనే మ్యాపులూ నడపడం అంటే దాన్ని అనవసరంగా వేడెక్కించడమే. ఇంటెల్ చిప్‌లో వీడియో కుదించడానికే క్విక్ సింక్ అనే విడి భాగం ఉంది కాబట్టి ఆ పని ప్రాసెసర్‌కి పెద్దగా తెలియకుండానే అయిపోతుంది. పై 5లో మామూలు ఆడియో జాక్ కూడా లేదు, పాటలకి విడిగా యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టుకోవాలి.

రికార్డింగ్‌లో ఇంకో ముఖ్యమైన సంగతి. వీడియోని మామూలు ఎంపీ4గా సేవ్ చేయకండి. ఎంపీ4లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే ఇండెక్స్ మామూలుగా ఫైల్ మూసేటప్పుడు చివర్లో రాస్తారు. యాక్సిడెంట్ అయి పవర్ పోతే ఆ ఇండెక్స్ రాయకుండానే పోతుంది, ఫైల్ తెరుచుకోదు. డ్యాష్‌కామ్ పెట్టుకునేదే ఆ క్షణం కోసం కదా! ఎంకేవీ లేదా టీఎస్ ఫార్మాట్ వాడండి, నిమిషానికో ఫైల్ చొప్పున విడగొట్టండి. పవర్ పోయినా అక్కడిదాకా రాసింది మిగులుతుంది. వీడియోలకి ఒక ఎస్ఎస్‌డీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కి వేరే డ్రైవ్ పెట్టండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న భాగాన్ని రీడ్-ఓన్లీగా పెడితే, సప్లై చెడిపోయి మధ్యలో ఆగినా బూట్ అవ్వడానికి ఇబ్బంది ఉండదు.

దారిదీపం:
సీతక్కా, ఇది చాలా పనికొచ్చింది. ఎంపీ4 సంగతి నాకు తట్టనే లేదు. ఒక సందేహం. ప్రతిసారీ షట్‌డౌన్ చేసి బూట్ చేసే బదులు స్లీప్‌లో పెడితే కీ తిప్పగానే స్క్రీన్ వచ్చేస్తుంది కదా? బ్యాటరీ ఎన్నాళ్లు ఆగుతుంది?

వోల్ట్‌మీటర్:
లెక్క వేద్దాం. మీ బ్యాటరీ 45 ఆంపవర్ (ఆంపియర్-అవర్, అంటే ఒక ఆంపు చొప్పున 45 గంటలు ఇచ్చేది) అనుకోండి. బండి ఆపి తాళం వేశాక దాని సొంత ఎలక్ట్రానిక్స్ లాగేది 50 మిల్లీ ఆంపుల లోపు ఉండాలి. అంటే రోజుకి 1.2 ఆంపవర్, వారాలపాటు నిలబెట్టినా స్టార్ట్ అవుతుంది.

మినీ పీసీ స్లీప్‌లో ఉంటే సప్లై వాడుకునేదీ కలిపి ఒకటిన్నర వాట్ల దాకా లాగుతుందనుకుందాం. అది 0.12 ఆంపులు, రోజుకి 3 ఆంపవర్. రోజూ నడిపే బండికి పర్లేదు. వారం నిలబెడితే బండి సొంత వాడకంతో కలిపి 29 దాటుతుంది, సగం కంటే ఎక్కువ ఖాళీ. ఇక పీసీని స్లీప్‌లో కూడా పెట్టకుండా వదిలేస్తే అర ఆంపు పోతుంది, రోజుకి 12. శనివారం నిలిపిన బండి సోమవారం పొద్దున సెల్ఫ్ అందుకోకపోవచ్చు. స్టార్టర్ బ్యాటరీలు పూర్తిగా ఖాళీ కావడానికి చేసినవి కావు. ఒకట్రెండు సార్లు అలా అయితే వాటి ఆయుష్షు బాగా తగ్గిపోతుంది.

మధ్యేమార్గం ఉంది. కీ తీశాక రెండు గంటలపాటు స్లీప్, ఆ తర్వాత పూర్తి షట్‌డౌన్. మార్కెట్‌కి వెళ్లొచ్చేలోపు స్లీప్‌లో ఉంటుంది, రాత్రికి ఆఫ్ అయిపోతుంది. సప్లైలో తక్కువ వోల్టేజీ కటాఫ్ కూడా ఉంటుంది. దాన్ని 12 దగ్గర పెట్టండి. కొన్ని సప్లైలలో ఫ్యాక్టరీ నుంచే 11 దగ్గర పెట్టి వస్తుంది. 11కి వచ్చేసరికి బ్యాటరీలో సెల్ఫ్ కొట్టే సత్తా మిగలదు.

పాతగేరు:
వైరింగ్ నేను చెప్తాను, ఇది నిర్లక్ష్యం చేస్తే బండి తగలబడుతుంది.

బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా ఒక వైరు లాగు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, కంప్యూటర్ పక్కన కాదు. ఒక బండి నా దగ్గరికి వచ్చింది. ఎవరో ఆంప్లిఫయర్ బిగించారు, ఫ్యూజు డిక్కీలో పెట్టారు. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకులోంచి వైరు తెచ్చిన చోట రంధ్రం అంచుకి తొడిగే రబ్బర్ గ్రామెట్ లేదు. రేకు అంచు రాసుకుని రాసుకుని ఇన్సులేషన్ కోసుకుపోయింది, లోపలి రాగి తీగలు నల్లబడి కనబడుతున్నాయి. అక్కడ షార్ట్ అయితే డిక్కీలో ఉన్న ఫ్యూజు దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ కరెంటు ఫ్యూజు దాకా రానేరాదు. ఫ్యూజు కాపాడేది కంప్యూటర్‌ని కాదు తమ్ముడూ, వైరుని. నీ పీసీ, స్క్రీన్, కెమెరాలు అన్నీ కలిపి 4 ఆంపులు దాటకపోతే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 7.5 ఆంపుల ఫ్యూజు సరిపోతాయి.

ఇగ్నిషన్ సిగ్నల్ కోసం లోపలి ఫ్యూజు బాక్సులో ఫ్యూజు ట్యాప్ (ఫ్యూజు చోటునుంచే ఇంకో వైరు తీసుకునే క్లిప్పు) పెట్టుకో. వైర్లు కోసి టేపు చుట్టే పని పెట్టుకోకు. కొన్ని ఫ్యూజులు సెల్ఫ్ కొట్టేటప్పుడు చచ్చిపోతాయి, కొన్ని బతికుంటాయి. టెస్ట్ ల్యాంప్ పెట్టి, సెల్ఫ్ కొట్టినా లైటు ఆరని ఫ్యూజు వెతుక్కో. స్టీరియో వెనకాల వైర్ల రంగులు చూసి నమ్మేయకు. పసుపు ఎప్పుడూ పవర్ ఉండేది, ఎరుపు కీతో వచ్చేది అన్నది మామూలు పద్ధతే గానీ, కొన్ని కంపెనీలు తిప్పి పెడతాయి. మీటరు పెట్టాకే నమ్ము.

ఎర్త్ ఒక్క చోటే ఇవ్వు. పెయింట్ గీకి, మెరిసే లోహం కనబడ్డాక లగ్గు బిగించు. పీసీకి ఒక చోట, స్టీరియోకి ఇంకో చోట ఎర్త్ ఇచ్చి రెండింటినీ ఆడియో కేబుల్‌తో కలిపితే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో సన్నటి కూత వస్తుంది, ఆర్‌పీఎంతో పాటు పెరుగుతుంది. ఈ కూత ఆపడానికి ఆడియో కేబుల్ మధ్యలో పెట్టే ఐసొలేటర్లు అమ్ముతారు, పనిచేస్తాయి, కానీ చౌకవాటిలో బేస్ కాస్త పోతుంది. ముందు ఎర్త్ సరిచేసుకుని చూడు.

పసుపు తొడుగు, పసుపు కనెక్టరు ఉన్న వైర్లు దాదాపుగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి వెళ్లకు, మీటరు కూడా పెట్టకు. పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో సీటు కింద కూడా ఉంటాయి. డ్యాష్‌బోర్డ్ మీద ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట స్క్రీన్ గానీ కెమెరా గానీ బిగిస్తే, గుద్దుకున్నప్పుడు అది మనిషి మొహం మీదికే వస్తుంది.

దారిదీపం:
అన్నా, స్క్రీన్ సంగతి? స్టీరియో స్లాట్ డబుల్ డిన్. రాస్ప్‌బెర్రీ వాళ్ల 7 అంగుళాల స్క్రీన్ అందులో కూర్చుంటుందా?

పాతగేరు:
కూర్చోదు. డబుల్ డిన్ అంటే 180 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. ఎత్తు. 2015లో వచ్చిన ఆ స్క్రీన్ బయటి కొలత 194 x 110. బొమ్మ కనబడే భాగం 155 మి.మీ.లే గానీ చుట్టూ అంచు ఉంటుంది. ముందు అట్టముక్కని బయటి కొలతకి కోసి స్లాట్ ముందు పెట్టి చూడు. ఏసీ నాబ్‌లు తిరుగుతున్నాయా, హజార్డ్ బటన్ అందుతోందా, గేరు మూడులో వేస్తే చెయ్యి తగులుతోందా అన్నది అట్టతోనే తేలిపోతుంది. స్లాట్ లోపలికి దూర్చే బదులు ముందు ప్లాస్టిక్ పట్టీ మీద ఫ్రేమ్ చేసి నిలబెట్టడమే నయం. వెనకాల హెచ్‌డీఎంఐ ప్లగ్ తిరగడానికి కూడా చోటు వదులు, వంపు కనెక్టరు అయితే సుఖం.

సిలికాన్ సీత:
స్క్రీన్ ఎంచుకునేటప్పుడు వెలుతురు అంకె చూడండి. మామూలు ప్యానెళ్లు 250 నుంచి 300 నిట్‌లు ఇస్తాయి, పట్టపగలు కారులో ఏమీ కనబడదు. 800 నుంచి 1000 ఉన్నది తీసుకోండి. రాత్రికి బ్రైట్‌నెస్ తగ్గించే వీలు కూడా ఉండాలి, లేకపోతే కళ్లలో కొడుతుంది. ఎండలో నిలిపిన బండి లోపల డ్యాష్‌బోర్డ్ పైభాగం 70 డిగ్రీలు దాటుతుంది, మామూలు ఎల్‌సీడీలకి రాసిపెట్టిన పరిమితి 50 డిగ్రీలే. 70 డిగ్రీల దాకా తట్టుకునేవి విడిగా దొరుకుతాయి.

అదే కారణంతో పవర్ బ్యాంక్‌లు, లిథియం బ్యాటరీ ఉన్న యూపీఎస్‌లు కారులో పెట్టవద్దు. ఎవరైనా సలహా ఇచ్చినా వద్దు. పీసీని డ్యాష్‌బోర్డ్ పైన కాకుండా గ్లవ్ బాక్స్ వెనకో, గాలి ఆడేలా సీటు కిందో పెట్టండి.

కొత్తస్టీరింగ్:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాది ఎలక్ట్రిక్ కారు. సెల్ఫ్ లేదు కాబట్టి ఈ బక్-బూస్ట్ గొడవ నాకు లేదా?

వోల్ట్‌మీటర్:
సెల్ఫ్ వల్ల పడే వోల్టేజీ మీకు ఉండదు, నిజమే. కానీ మీ బండిలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ దాన్ని చార్జ్ చేస్తుంది. ఆ చిన్న బ్యాటరీ ఖాళీ అయితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి ఆన్ అవ్వదు. కాబట్టి పైన వేసిన స్లీప్ లెక్క మీకు ఇంకా ముఖ్యం. నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి. వాటి దగ్గర పని పెట్టుకోకండి.

ఫ్రేమ్ ఐడీ:
ఇంజిన్ డేటా గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నాకు ఇష్టమైన భాగం ఇదే.

స్టీరింగ్ కింద 16 పిన్‌ల ఓబీడీ సాకెట్ (మెకానిక్‌లు స్కానర్ గుచ్చి ఇంజిన్ డేటా చదివేది) ఉంటుంది. పాత బండి అంటున్నారు కాబట్టి ముందు టార్చ్ వేసి చూడండి. 6, 14 పిన్‌లలో లోహం ఉంటే క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు వైర్ల లైను) ఉండే అవకాశం ఎక్కువ. అవి ఖాళీగా ఉండి 7వ పిన్ ఉంటే అది పాత కే-లైన్ పద్ధతి. ఆ సాకెట్‌లో గుచ్చి డేటాని పీసీకి అందించే ఈఎల్ఎం327 అడాప్టర్‌కి రెండూ వచ్చు, కాబట్టి మొదట అదే వాడండి. బ్లూటూత్ బదులు యూఎస్‌బీది తీసుకోండి, తెగిపోకుండా నిలకడగా ఉంటుంది.

లెక్కలు తేలిక. ఆర్‌పీఎం అడిగితే రెండు బైట్‌లు వస్తాయి. మొదటిదాన్ని 256తో గుణించి, రెండోది కలిపి, 4తో భాగించాలి. 26, 248 వచ్చాయంటే 1726 ఆర్‌పీఎం. కూలెంట్ టెంపరేచర్ ఒక్క బైట్, అందులోంచి 40 తీసేయాలి. 123 వస్తే 83 డిగ్రీలు. ఘాట్ రోడ్డు మీద ఇది మెల్లగా 95, 100 దాటడం గ్రాఫ్‌లో చూస్తుంటే ఫ్యాన్ ఎప్పుడు తిరిగింది, ఎప్పుడు ఆగింది అన్నది కూడా గీతలోనే తెలిసిపోతుంది. మీ బండి గురించి మీకు తెలియని విషయాలు చాలా బయటపడతాయి.

అడాప్టర్ నెమ్మది, సెకనుకు కొన్ని రీడింగులే ఇస్తుంది. అంతకంటే వేగం కావాలంటే నేరుగా క్యాన్ కంట్రోలర్ పెట్టాలి. అప్పుడు రెండు జాగ్రత్తలు. బస్ రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ముందే ఉంటాయి, బండి ఆఫ్‌లో 6, 14 మధ్య మీటరు పెడితే 60 ఓమ్‌లు చూపిస్తుంది. చవక బోర్డుల మీద ఇంకో 120 ఓమ్‌ల జంపర్ ఉంటుంది, అది తీసేయండి. రెండోది, లిజన్-ఓన్లీ మోడ్‌లోనే పెట్టండి. అంటే బోర్డు వింటుంది గానీ బస్ మీద ఒక్క బిట్ కూడా రాయదు. ఆ బస్ మీద బ్రేకులు, ఇంజిన్ మాట్లాడుకుంటుంటాయి. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ ఒక జీప్ చెరోకీలోకి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా దూరం నుంచే ప్రవేశించి క్యాన్ సందేశాలు పంపగలమని చూపించారు. ఆ తర్వాత 14 లక్షల వాహనాలకి రీకాల్ ప్రకటించారు. నెట్‌కి కలిసే కంప్యూటర్‌కి బండి బస్ మీద రాసే అధికారం ఇవ్వకూడదు.

16వ పిన్‌లో ఎప్పుడూ బ్యాటరీ పవర్ ఉంటుంది. అడాప్టర్ గుచ్చి వదిలేస్తే అదీ కొంచెం కొంచెం లాగుతూనే ఉంటుంది. వోల్ట్‌మీటర్ గారి లెక్కలో దాన్నీ కలపండి.

దారిదీపం:
ఇప్పుడు ప్లాన్ ఇలా మారింది. ఎన్100 మినీ పీసీ గ్లవ్ బాక్స్ వెనక. ఇగ్నిషన్ పిన్ ఉన్న బక్-బూస్ట్ సప్లై, బ్యాటరీ నుంచి విడి లైను, బ్యాటరీ పక్కనే 7.5 ఫ్యూజు. వీడియోలకి విడి ఎస్ఎస్‌డీ, ఎంకేవీ ఫైళ్లు. యూఎస్‌బీ ఈఎల్ఎం327. నా బండిలో 6, 14 పిన్‌లు ఉన్నాయి, టార్చ్ వేసి చూశాను. ఒక్కటే మిగిలింది: రివర్స్ కెమెరాని కూడా పీసీకే కలిపేయనా? వెనక కెమెరా ఎలాగూ ఉంది కదా.

పాతగేరు:
వద్దు. కీ తిప్పి వెంటనే రివర్స్ వేస్తావు, పీసీ అప్పటికి బూట్ కూడా అయ్యుండదు. పిల్లలు బండి వెనక ఆడుకునే చోట అది పనికిరాదు. ఏవీ ఇన్‌పుట్ (కెమెరా వీడియో నేరుగా గుచ్చుకునే సాకెట్), రివర్స్ ట్రిగ్గర్ వైరు ఉన్న స్క్రీన్ తీసుకో. రివర్స్ కెమెరా విడిగా పెట్టి నేరుగా స్క్రీన్‌కే కలుపు, రివర్స్ లైటు వైరు నుంచి ట్రిగ్గర్ ఇవ్వు. గేరు పడగానే స్క్రీన్ తనే కెమెరాకి మారుతుంది, పీసీ హ్యాంగ్ అయినా సరే. స్క్రీన్‌కి పవర్ మాత్రం పీసీ యూఎస్‌బీ నుంచి కాకుండా కీ లైను నుంచి, విడి ఫ్యూజుతో తీసుకో.

వోల్ట్‌మీటర్:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. ఇంకొకటి: సప్లై రాగానే కారులో బిగించేయకండి. బెంచ్ మీద 12 వోల్టుల బ్యాటరీకి కలిపి, ఇగ్నిషన్ వైరు తీసి పెడుతూ షట్‌డౌన్, స్లీప్, కటాఫ్ అన్నీ చూడండి. షట్‌డౌన్ సిగ్నల్ ఇచ్చాక సప్లై ఎన్ని సెకన్లు ఆగి కరెంటు తీస్తుందో జంపర్లతో సెట్ చేయొచ్చు. మీ పీసీ ఆఫ్ అవ్వడానికి 20 సెకన్లు పడితే 60 పెట్టండి. అప్‌డేట్ మధ్యలో కీ తీసినా ఇబ్బంది ఉండకూడదు. ఆ రీడింగులు ఇక్కడ పెట్టండి, స్లీప్‌లో ఎంత లాగుతోందో కూడా. దాన్ని బట్టి రెండు గంటలు ఉంచాలో తగ్గించాలో చూద్దాం.

దారిదీపం:
సప్లై ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. స్క్రీన్ ఏవీ ఇన్‌పుట్ ఉన్నది వెతుకుతున్నాను. పాతగేరు అన్న చెప్పినట్టు అట్టముక్క కోసి పెట్టి చూస్తే ఏసీ నాబ్‌లు తిరుగుతున్నాయి, హజార్డ్ బటన్ మాత్రం సగం మూసుకుపోతోంది. ఫ్రేమ్‌ని రెండు సెంటీమీటర్లు కిందికి దించి మళ్లీ కొలిచి పెడతాను.